దూరపు పిట్టకు ఎన్ని మిల్లీమీటర్లు? లెన్స్ అంకెల వెనక అసలు లెక్క

పక్షుల ఫొటోలు తీద్దామని కెమెరా కొన్నవాళ్లకు మొదటి రోజుల్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. కెమెరాతో వచ్చిన లెన్స్‌తో తీస్తే కొమ్మ మీది పిట్ట చుక్కంత వస్తుంది. పెద్ద లెన్స్ కావాలని అర్థమవుతుంది కానీ, ఎంత పెద్దది అనే దగ్గర గందరగోళం మొదలవుతుంది. 400 మి.మీ. చాలని ఒకరంటారు. 600 లేకపోతే పక్షుల జోలికే వెళ్లొద్దని ఇంకొకరంటారు. క్రాప్ సెన్సార్, అంటే బొమ్మను పట్టే పలక చిన్నదిగా ఉన్న కెమెరాకు తగిలిస్తే 600 కాస్తా 900 అవుతుందని మరొకరి మాట. వీటన్నిటి మధ్య, లెన్స్ మార్చే వీలే లేని కెమెరా ఒకటి 3000 మి.మీ. అంటూ ప్రకటనల్లో కనిపిస్తుంది. అప్పుడు మూడు కిలోల 600 లెన్స్‌ను భుజాన మోసుకెళ్లేవాళ్లు ఎందుకున్నట్టు?

ఈ అంకెలన్నీ ఒకే సంగతిని కొలవడం లేదు. కొన్ని చూపు ఎంత ఇరుకుగా ఉంటుందో చెబుతాయి, కొన్ని బొమ్మ సైజు చెబుతాయి. పిట్ట ఈకల్లో వివరం ఎంత దక్కుతుందో మాత్రం వీటిలో ఏదీ నేరుగా చెప్పదు. అది తెలియాలంటే చిన్న లెక్క వేసుకోవాలి. గుణకారం, భాగహారం వస్తే చాలు.

సెన్సార్ మీద పిట్ట ఎంత పడుతుంది?

దూరంలోని వస్తువు బొమ్మను లెన్స్ ఎంత పెద్దదిగా వేస్తుందనేది ఫోకల్ లెంగ్త్, అంటే లెన్స్ మీద ఉండే ఆ మి.మీ. అంకె మీద ఆధారపడి ఉంటుంది. పిట్ట పొడవును ఫోకల్ లెంగ్త్‌తో గుణించి, పిట్టకూ మనకూ ఉన్న దూరంతో భాగిస్తే సెన్సార్ మీద బొమ్మ ఎంతుంటుందో వచ్చేస్తుంది. అన్నీ మిల్లీమీటర్లలోనే వేసుకోవాలి, అంతే.

నీటి ఒడ్డున కనిపించే చిన్న నీలి లకుముకి పొడవు సుమారు 16 సెం.మీ. అది 20 మీటర్ల దూరంలో, మనకు పక్కవాటుగా కూర్చుందనుకుందాం. 600 మి.మీ. లెన్స్‌తో లెక్క వేస్తే 160 × 600 ÷ 20,000, అంటే 4.8 మి.మీ. ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సార్ వెడల్పు 36 మి.మీ. కాబట్టి ఫ్రేము వెడల్పులో పిట్ట వాటా 13 శాతం. 400 లెన్స్‌తో అయితే 9 శాతం, 800తో 18 శాతం.

800 మి.మీ. అంటే చాలా పెద్ద లెన్స్. దానితో తీసినా, 20 మీటర్ల దూరంలోని లకుముకి ఫ్రేములో అయిదో వంతు కూడా నిండదు. మరి పత్రికల్లో ఫ్రేము నిండుగా కనిపించే ఫొటోలు ఎలా వస్తున్నాయి? లెక్కను తిరగేస్తే తెలుస్తుంది. 600 లెన్స్‌తో లకుముకి ఫ్రేములో సగం వెడల్పు నిండాలంటే అది 5.3 మీటర్ల దూరంలో ఉండాలి. కత్తిరించకుండా అలాంటి ఫొటో వచ్చిందంటే తీసినవాళ్లు పిట్టకు అంత దగ్గరలో, చాలాసార్లు మాటు వేసుకుని కూర్చున్నారన్నమాట. లెన్స్ కొనడానికి ముందే ఈ సంగతి తెలిస్తే ఎన్నో నిరాశలు తప్పుతాయి.

అదే పెద్ద కొంగనైతే లెక్క మారిపోతుంది. 90 సెం.మీ. కొంగ 60 మీటర్ల దూరంలో ఉన్నా 600 లెన్స్‌తో సెన్సార్ మీద 9 మి.మీ. వస్తుంది. మూడింతల దూరంలో ఉండి కూడా లకుముకికి దాదాపు రెట్టింపు. అందుకే కొంగలు, బాతులు, గద్దలు తీసేవాళ్లు 400 చాలని చెప్పినా, తేనెపిట్టల వెంట పడేవాళ్లు 600 కూడా చాలదని చెప్పినా ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

క్రాప్ సెన్సార్ పిట్టను పెద్దది చేస్తుందా?

చెయ్యదు. లెన్స్ వేసే బొమ్మకు వెనక ఏ సెన్సార్ ఉందో తెలియదు. అదే 600 లెన్స్‌ను ఏపీఎస్-సి అనే క్రాప్ సెన్సార్ ముందు పెట్టినా లకుముకి 4.8 మిల్లీమీటర్లే. సెన్సార్ వెడల్పు 23.5 మి.మీ. మాత్రమే కాబట్టి పిట్ట చుట్టూ ఉన్న ఖాళీ తగ్గుతుంది, పిట్ట వాటా 20 శాతానికి పెరుగుతుంది. ఫుల్ ఫ్రేమ్ మీద ఇంత ఇరుకు చూపు కావాలంటే 900 మి.మీ. లెన్స్ పెట్టాలి. ఈ అర్థంలోనే దాన్ని 900కు సమానం అంటారు.

అలాగని క్రాప్ సెన్సార్‌తో లాభమే లేదనడమూ సరికాదు. లాభం ఉంది, అది పిక్సెళ్ల దగ్గర ఉంది. 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ సెన్సార్‌లో 36 మి.మీ. వెడల్పున 6000 పిక్సెళ్లు పరుచుకుని ఉంటాయి. 4.8 మి.మీ. లకుముకి పొడవునా వాటిలో 800 పడతాయి. 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సి సెన్సార్‌లో అవే 6000 పిక్సెళ్లు 23.5 మి.మీ.లో సర్దుకోవాలి కాబట్టి లకుముకి మీద సుమారు 1225 పడతాయి. ఒకే పిట్ట, ఒకే లెన్స్, పిట్ట మీద మాత్రం ఒకటిన్నర రెట్ల పిక్సెళ్లు.

ఇది సెన్సార్ చిన్నది కావడం వల్ల కాదు, పిక్సెళ్లు ఇరుగ్గా ఉండడం వల్ల వచ్చిన లాభం. 45 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్‌లో అదే లకుముకి మీద 1100 పిక్సెళ్లు, 61 మెగాపిక్సెళ్ల దానిలో సుమారు 1280 పడతాయి. 61 మెగాపిక్సెళ్ల ఫొటోను ఏపీఎస్-సి సైజుకు కత్తిరిస్తే ఇంకా 26 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. కాబట్టి రెండు కెమెరాలను పోల్చేటప్పుడు క్రాప్ ఫ్యాక్టర్ (600ను 900 అనిపించే ఆ ఒకటిన్నర లాంటి గుణకం) కన్నా పిట్ట మీద పడే పిక్సెళ్ల లెక్కే ఎక్కువ నిజం చెబుతుంది.

కానీ పిక్సెళ్లు వివరాన్ని నమోదు చేస్తాయే గానీ పుట్టించలేవు. వివరం ముందు లెన్స్ గుండా రావాలి.

ఎఫ్ నంబరు వెనక దాగిన వ్యాసం

లెన్స్ మీద 600 మి.మీ. పక్కన ఎఫ్/4 అనో ఎఫ్/6.3 అనో ఉంటుంది. ఫోకల్ లెంగ్త్‌ను ఆ అంకెతో భాగిస్తే అపర్చర్ వ్యాసం వస్తుంది. లెన్స్‌ను ముందు నుంచి చూసినప్పుడు వెలుతురు లోపలికి వెళ్లే గుండ్రటి రంధ్రం ఎంత వెడల్పుగా కనిపిస్తుందో అది. 600 ఎఫ్/4కు ఇది 150 మి.మీ. 600 ఎఫ్/6.3కు 95. పెద్ద లెన్సులకు ముందు గాజు అంత వెడల్పుగా ఎందుకుంటుందో, అంత బరువెందుకో ఈ భాగహారంలోనే ఉంది.

దూరపు పక్షుల విషయంలో నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన అంకె ఇదే. విచిత్రంగా దీన్ని ఏ లెన్స్ మీదా ముద్రించరు. పిట్ట ఒంటి మీద నుంచి వచ్చే వెలుతురు అన్ని వైపులకూ చెదిరిపోతుంది. అందులో మన లెన్స్ రంధ్రంలో పడినంత మాత్రమే మనకు దక్కుతుంది. వానలో పెట్టిన గంగాళానికీ చెంబుకూ ఉన్న తేడా లాంటిదే ఇది, మూతి ఎంత వెడల్పుంటే అంత నీరు. ఒకే దూరం నుంచి, ఒకే షటర్ స్పీడ్‌తో తీసినప్పుడు పిట్ట నుంచి మొత్తం ఎంత వెలుతురు చేరిందనేది ఈ వ్యాసం వర్గాన్ని బట్టే ఉంటుంది. 150 మి.మీ. రంధ్రం 95 మి.మీ. రంధ్రం కన్నా దాదాపు రెండున్నర రెట్ల వెలుతురు పడుతుంది. చేరిన వెలుతురు ఎంత ఎక్కువైతే ఫొటోలో నాయిస్ (గరుకు చుక్కలు) అంత తక్కువ.

ఈ కంటితో చూస్తే మార్కెట్‌లోని లెన్సులు కొత్తగా కనిపిస్తాయి. కెనన్ 2020లో తెచ్చిన 800 ఎఫ్/11 వ్యాసం 73 మి.మీ. అదే కంపెనీ 100-500 జూమ్‌కు 500 దగ్గర ఎఫ్/7.1, అంటే 70. 1993 నాటి 400 ఎఫ్/5.6కు 71. ఫోకల్ లెంగ్త్‌లో 400కూ 800కూ రెట్టింపు తేడా ఉన్నా, 20 మీటర్ల దూరంలోని పిట్ట నుంచి ఈ మూడూ తెచ్చే వెలుతురు ఇంచుమించు సమానమే. 800 దాన్ని సెన్సార్ మీద పెద్దగా పరుస్తుంది, 400 చిన్నగా ముద్దగా వేస్తుంది. 400తో తీసిన ఫొటోను రెండింతలు పెంచి చూస్తే రెండిటి నాయిస్ దాదాపు ఒకలాగే ఉంటుంది. నికాన్ 500 ఎఫ్/5.6 వ్యాసం 89. కెనన్ 200-800కు 800 దగ్గర ఎఫ్/9 కాబట్టి దానిదీ 89. సోనీ 200-600, నికాన్ 180-600, సిగ్మా, ట్యామ్రాన్ల 150-600లు అన్నీ చివర్లో ఎఫ్/6.3, అంటే 95. నికాన్ 800 ఎఫ్/6.3 మాత్రం 127 దాకా వెళ్తుంది.

వెలుతురే కాదు, సన్నని వివరానికీ ఈ వ్యాసమే హద్దు గీస్తుంది. వెలుతురు అలల స్వభావం వల్ల ఎంత గొప్ప లెన్స్ అయినా ఒక బిందువును బిందువుగా చూపలేదు, చిన్న పళ్లెంలా పరుస్తుంది. దీన్నే డిఫ్రాక్షన్ అంటారు. ఆకుపచ్చ వెలుతురుకు లెక్కవేస్తే, 100 మీటర్ల దూరంలో పక్కపక్కన ఉన్న రెండు చుక్కలను విడివిడిగా చూపాలంటే వాటి మధ్య 95 మి.మీ. లెన్స్‌కు 0.7 మి.మీ. ఎడం కావాలి. 150 మి.మీ. లెన్స్‌కు 0.45 మి.మీ. చాలు. ఈక మీది సన్నని పోగులు దూరాన్ని బట్టి మాయమయ్యేది ఈ హద్దు దగ్గరే.

మైక్రో ఫోర్ థర్డ్స్ అనే ఇంకా చిన్న సెన్సార్ల మీద నడిచే వాదన కూడా ఇక్కడే తేలుతుంది. ఆ సెన్సార్ వెడల్పు 17.3 మి.మీ. దాని మీద 300 ఎఫ్/4 పెడితే ఫుల్ ఫ్రేమ్ 600 చూపు వస్తుంది. ఎఫ్/4 ఎక్కడైనా ఎఫ్/4 అనీ, ఎక్స్‌పోజర్ మారదనీ ఒక పక్షం అంటుంది. అది నిజానికి 600 ఎఫ్/8తో సమానమని రెండో పక్షం అంటుంది. ఇద్దరూ చెప్పేది సరైనదే. సెన్సార్ మీద చదరపు మిల్లీమీటరుకు పడే వెలుతురు మారదు కాబట్టి షటర్ స్పీడ్, ఐఎస్ఓ (వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) అవే ఉంటాయి. కానీ రంధ్రం 75 మి.మీ. మాత్రమే కాబట్టి పిట్ట నుంచి మొత్తం అందే వెలుతురు 600 ఎఫ్/4కు అందేదానిలో నాలుగో వంతు. దానికి బదులుగా మూడు కిలోల లెన్స్ కాస్తా ఒకటిన్నర కిలోలలోపుకు దిగుతుంది. రోజంతా నడిచేవాళ్లకు అది చిన్న లాభమేమీ కాదు.

3000 మి.మీ. అని చెప్పుకునే కెమెరా

2018లో నికాన్ తెచ్చిన పీ1000 కెమెరా 125 రెట్ల జూమ్‌తో, 3000 మి.మీ. చూపుతో సంచలనం సృష్టించింది. దాని అసలు ఫోకల్ లెంగ్త్ 539 మి.మీ., చివర్లో అపర్చర్ ఎఫ్/8. వ్యాసం 67 మి.మీ. సెన్సార్ వెడల్పు ఆరు మిల్లీమీటర్ల పై చిలుకు.

లకుముకి దాని మీద 4.3 మి.మీ. పడుతుంది, ఫ్రేములో ఏకంగా 70 శాతం. స్క్రీన్ మీద చూస్తే అద్భుతంగా అనిపిస్తుంది. పిక్సెళ్లు కూడా మూడు వేలకు పైనే. కానీ ఒక్కో పిక్సెల్ వెడల్పు 1.3 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఎఫ్/8 దగ్గర డిఫ్రాక్షన్ పరిచే పళ్లెం వ్యాసం 10.7 మైక్రాన్లు. ఒక్క బిందువు ఎనిమిది పిక్సెళ్ల మేర పరుచుకుంటోంది. మూడు వేల పిక్సెళ్లున్నా అందులో ఉన్న వివరం 67 మి.మీ. రంధ్రం తేగలిగినంతే.

ఈ కెమెరాను చులకన చేయడం మాత్రం అన్యాయం. 1.4 కిలోల బరువులో మంచి ఎండలో 67 మి.మీ. రంధ్రానికి తగ్గ వివరం ఇస్తుంది. పిట్ట ఏ జాతిదో గుర్తుపట్టడానికి, రికార్డు కోసం ఫొటో తీసుకోవడానికి అది చాలు. తెల్లవారుజామున, చెట్ల నీడలో, ఎగిరే పిట్ట దగ్గర తేలిపోతుంది. కారణం రంధ్రం చిన్నది కావడమే, అంకె పెద్దది కావడం కాదు.

టెలికన్వర్టర్ ఏమిస్తుంది, ఏం తీసుకుంటుంది

లెన్స్‌కూ కెమెరాకూ మధ్య బిగించే చిన్న గాజు గొట్టం ఇది. 1.4 రెట్లది 600 ఎఫ్/6.3ను 840 ఎఫ్/9గా మారుస్తుంది, రెండు రెట్లది 1200 ఎఫ్/13గా. ఒక స్టాప్, రెండు స్టాపుల వెలుతురు (ఒక్కో స్టాప్‌కు సగం చొప్పున) పోయిందని అందరూ చెబుతారు. అయితే రంధ్రం వ్యాసం మారలేదు, 95 దగ్గరే ఉంది. పిట్ట నుంచి వచ్చే వెలుతురు తగ్గలేదు, ఇంకాస్త పెద్ద జాగాలో పరుచుకుంది. కాబట్టి కన్వర్టర్ కొత్త వెలుతురును తేదు, లెన్స్‌లో అప్పటికే ఉన్న వివరాన్ని ఎక్కువ పిక్సెళ్ల మీదికి సాగదీస్తుంది. పిక్సెళ్లు పెద్దవిగా ఉన్న కెమెరాకు, చాలా పదునైన ప్రైమ్ (జూమ్ కాని) లెన్స్‌కు అది బాగా కలిసొస్తుంది. చిన్న పిక్సెళ్ల కెమెరాకు, ఎఫ్/6.3 జూమ్‌కు పెడితే కత్తిరించిన ఫొటోకూ దీనికీ తేడా వెతుక్కోవాల్సి వస్తుంది. ఆటోఫోకస్ కూడా నెమ్మదిస్తుంది.

వెలుతురు తగ్గితే మొదట దెబ్బతినేది షటర్ స్పీడ్

పక్షులు చురుగ్గా ఉండేది ఉదయం, సాయంత్రం. వెలుతురు తక్కువగా ఉండేదీ అప్పుడే. ఎఫ్/4, సెకనులో 1/1000 వంతు, ఐఎస్ఓ 1600 దగ్గర సరిపోయిన దృశ్యం ఒకటి ఉందనుకుందాం. ఎఫ్/6.3 లెన్స్‌తో అదే షటర్ స్పీడ్ కావాలంటే ఐఎస్ఓ 4000కు, ఎఫ్/11తో అయితే 12,000 దాకా వెళ్లాలి. ఐఎస్ఓ పెంచనంటే షటర్ స్పీడ్ వరుసగా 1/400కు, 1/125కు పడిపోతుంది.

కూర్చున్న కొంగకు 1/125 సరిపోవచ్చు. ఎగిరే పిట్టకు సరిపోదు. సెకనుకు 10 మీటర్ల వేగంతో 20 మీటర్ల దూరంలో అడ్డంగా ఎగిరే పిట్ట 1/1000 సెకనులో ఒక సెంటీమీటరు కదులుతుంది. 600 లెన్స్‌తో అది సెన్సార్ మీద 0.3 మి.మీ., అంటే 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్‌లో 50 పిక్సెళ్ల మేర చెరుపు. పిట్టతోపాటు కెమెరాను తిప్పితే ఒంటి కదలిక చాలావరకు కలిసిపోతుంది కానీ రెక్కల కదలిక కలవదు. ఎగిరే పక్షులకు 1/2000, 1/3200 అని పెట్టేది అందుకే.

స్టెబిలైజేషన్ ఇక్కడ ఆదుకోదు. అది మన చేతి వణుకును సర్దుతుంది, పిట్ట కదలికను కాదు. కదలని పిట్టకు మాత్రం దాని మేలు అంతా ఇంతా కాదు. 600 లెన్స్‌ను చేత్తో పట్టుకుంటే పాత లెక్క ప్రకారం 1/600 ఉండాలి. నాలుగు స్టాపుల స్టెబిలైజేషన్ ఉంటే 1/40 దగ్గర కూడా స్థిరమైన ఫొటో వచ్చే అవకాశం ఉంటుంది.

ఈ మధ్య ఏళ్లలో నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్లు ఈ లెక్కను కొంత మార్చాయి. 2023లో లైట్‌రూమ్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చిన డీనాయిజ్ లాంటివి ఐఎస్ఓ 6400 ఫొటోను కూడా శుభ్రం చేసి ఇస్తున్నాయి. ఇక ఎఫ్/4 లెన్సులతో పనేముందని వాదించేవాళ్లున్నారు. వాళ్ల మాటలో బలం ఉంది. కానీ సాఫ్ట్‌వేర్ నాయిస్‌ను తీసేటప్పుడు ఈకల సన్నని గీతల్ని కూడా నున్నగా చేసే ప్రమాదం ఉంది, కొన్నిసార్లు లేని గీతల్ని అల్లేస్తుంది. పక్షుల్ని ప్రేమించేవాళ్లకు ఈకల అమరిక అలంకారం కాదు, అది ఆ పిట్ట ఆనవాలు.

మధ్యలో ఉన్న గాలి

నేల వేడెక్కినప్పుడు దాని మీది గాలిలో వేడి పొరలూ చల్లటి పొరలూ కలగాపులగంగా కదులుతుంటాయి. ఒక్కో పొర వెలుతురును ఒక్కోలా వంచుతుంది. దూరపు రోడ్డు మీద గాలి అలలాడినట్టు కనిపించేది ఇదే. లెన్స్ ఎంత పొడుగైతే ఈ అలలను అంత పెద్దవి చేసి చూపుతుంది. ఫొటో చూస్తే ఫోకస్ తప్పినట్టే ఉంటుంది. లెన్స్ పాడైందని, కెమెరా సెట్టింగ్స్ తేడా అని టెన్షన్ పడి మరమ్మతుకు ఇచ్చేవాళ్లున్నారు.

దీనికి లెన్స్ మార్చడం పరిష్కారం కాదు. ఎండ ముదిరాక, మైదానం మీదుగా 100 మీటర్ల అవతల ఉన్న పిట్టను 800 లెన్స్‌తో తీసినా 400తో తీసినా దక్కే వివరంలో తేడా తక్కువే. తెల్లవారాక మొదటి గంట, మబ్బు పట్టిన రోజులు ఇందుకు మేలు. కారు కిటికీలోంచి తీసేటప్పుడు లోపలి గాలికీ బయటి గాలికీ ఉష్ణోగ్రత తేడా ఎక్కువగా ఉంటే ఆ కిటికీ దగ్గరే ఇదే సమస్య పుడుతుంది.

గాలికి నిజమైన మందు దూరం తగ్గడమే. దాని లెక్క గమనించదగ్గది. 20 మీటర్ల నుంచి 14 మీటర్లకు వస్తే 1.4 రెట్ల కన్వర్టర్ పెట్టినంత బొమ్మ పెరుగుతుంది. పైగా కన్వర్టర్ తేలేనిది కూడా వస్తుంది: పిట్ట నుంచి అందే వెలుతురు రెట్టింపవుతుంది, అడ్డంగా ఉన్న గాలి తగ్గుతుంది. అందుకే లెన్స్ మీద పెట్టే డబ్బు కన్నా మాటు వేసి ఓపిగ్గా కూర్చోవడం ఎక్కువ ఫలితమిస్తుందని అనుభవజ్ఞులు చెబుతారు. దీనికి ఒక హద్దుంది. ఆ ఆరు మీటర్లూ పిట్ట ఇవ్వాలి, మనం లాక్కోకూడదు. మెడ సాచి మన వైపే చూస్తున్నా, మేత మానేసినా, అరుపు మారినా అప్పటికే మనం హద్దు దాటినట్టు. గూడు దగ్గరైతే తల్లి లేచిపోయిన కాసేపట్లోనే గుడ్లు చల్లబడడమో, ఎండకు వేడెక్కడమో, వేరే జంతువు నోట పడడమో జరగొచ్చు. పొడుగు లెన్స్ అన్నిటికన్నా న్యాయంగా ఉపయోగపడేది ఇక్కడే.

ప్రైమా, జూమా? బరువు మాటేమిటి?

ప్రైమ్ లెన్స్‌కు ఒకే ఫోకల్ లెంగ్త్ ఉంటుంది. దానికోసమే గాజులు అమర్చుతారు కాబట్టి అపర్చర్ పూర్తిగా తెరిచినా పదును ఎక్కువ, ఫోకస్ వేగం ఎక్కువ. పక్షులు తీసేవాళ్లు జూమ్‌ను ఎప్పుడూ చివరికే తిప్పి ఉంచుతారు, ఇక జూమ్ ఎందుకు అన్నది ప్రైమ్ పక్షం వాదన.

జూమ్ పక్షానికీ గట్టి జవాబుంది. ఫుల్ ఫ్రేమ్ మీద 600 లెన్స్ చూపు కోణం అడ్డంగా మూడున్నర డిగ్రీల లోపే. 20 మీటర్ల దూరంలో అది 1.2 మీటర్ల వెడల్పు జాగా. గుబురు కొమ్మల్లో ఆ కిటికీలోంచి చిన్న పిట్టను వెతికి పట్టుకోవడం కొత్తవాళ్లకు నరకం. 200 దగ్గర పెడితే 3.6 మీటర్లు కనిపిస్తుంది, పిట్ట దొరికాక 600కు తిప్పొచ్చు. పిట్ట అనుకోకుండా దగ్గరికొచ్చి వాలినప్పుడూ జూమే ఆదుకుంటుంది. కనీస ఫోకస్ దూరం కూడా ఇక్కడ చూడాలి. కెనన్ 800 ఎఫ్/11 ఆరు మీటర్ల కన్నా దగ్గర ఫోకస్ చెయ్యదు. సోనీ 200-600కు 2.4 మీటర్లు చాలు. దగ్గరి పువ్వు మీద వాలే తేనెపిట్టలకు ఇదే తేల్చే అంశం.

బరువు విషయంలో పాతికేళ్లలో చాలా మార్పొచ్చింది. 1999లో కెనన్ తెచ్చిన 600 ఎఫ్/4 అయిదు కిలోల పైమాటే. 2018, 2019ల్లో కెనన్, సోనీ తెచ్చిన 600 ఎఫ్/4లు సుమారు మూడు కిలోలు. ముందు భాగంలో ఉన్న బరువైన గాజుల్ని వెనక్కి జరిపి డిజైన్ చేయడం వల్ల చేతిలో తేలిగ్గా అనిపిస్తాయి కూడా. ఇంకో దారి నికాన్ ఫేజ్ ఫ్రెనెల్ గాజు. ఒక్క గాజు మీద చెక్కిన సన్నని వలయాలు కొన్ని గాజుల పని తామే చేస్తాయి. అలా 2018లో 500 ఎఫ్/5.6, 2023లో 600 ఎఫ్/6.3 ఒకటిన్నర కిలోల లోపే వచ్చాయి. ఎదురెండలో ఒక్కోసారి రంగు వలయాలు కనిపించడం వీటి లోపం. ఎఫ్/6.3తో ముగిసే జూమ్‌లు రెండు కిలోల అటూ ఇటూ ఉంటాయి.

కాగితం మీద రెండు కిలోలంటే పెద్దగా అనిపించదు. మూడో గంటలో, తల పైకెత్తి గద్దను వెంబడించేటప్పుడు తెలుస్తుంది. ట్రైపాడ్, దాని మీద గింబల్ హెడ్ (బరువైన లెన్స్‌ను తేలిగ్గా తిప్పనిచ్చే అమరిక) పెట్టుకుంటే చేతులకు బరువు తెలియదు కానీ చోటు మారడం కష్టమవుతుంది. నీటి ఒడ్డున ఒకే చోట కూర్చునేవారికి పెద్ద ప్రైమ్, నడిచేవారికి తేలిక లెన్స్ అనే విభజన ఇంతకాలం నిలబడడానికి కారణం ఇదే. చేతిలో లేని లెన్స్‌కు అపర్చర్ వ్యాసం సున్నా.

ఫోకస్ ఏం అడుగుతుంది

లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లో చాలావాటిలో ఆటోఫోకస్ ఎఫ్/5.6 దాకా, కొన్నిటిలో ఎఫ్/8 దాకా మాత్రమే నమ్మకంగా పనిచేసేది. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు సెన్సార్ మీదే ఫోకస్ చూస్తాయి కాబట్టి ఎఫ్/11 లెన్సులకు దారి తెరుచుకుంది. అయినా ఆ కెనన్ ఎఫ్/11 లెన్సులతో కొన్ని కెమెరాల్లో ఫోకస్ ఫ్రేము మధ్య భాగంలోనే పనిచేస్తుంది. పిట్ట కన్నును గుర్తుపట్టి పట్టుకునే సౌకర్యం వచ్చాక నైపుణ్యం మీద పడే భారం బాగా తగ్గింది. అయితే లెన్స్ లోపలి మోటారు అంత వేగంగా కదలగలిగితేనే దాని ఫలితం దక్కుతుంది. పాత లెన్సును అడాప్టర్‌తో కొత్త కెమెరాకు తగిలించేవాళ్లకు తేడా తెలిసేది ఇక్కడే.

ఒక్క ఉదాహరణలో అన్నీ

24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 400 ఎఫ్/5.6 లెన్స్ ఉన్న ఒకరిని ఊహించుకుందాం. 20 మీటర్ల లకుముకి మీద 533 పిక్సెళ్లే పడుతున్నాయి, ఇంకా కావాలి. వారి ముందు నాలుగు దారులున్నాయి.

1.4 కన్వర్టర్ కొంటే 560 ఎఫ్/8 అవుతుంది, పిక్సెళ్లు 747కు పెరుగుతాయి. 45 మెగాపిక్సెళ్ల కెమెరాకు మారితే 736. 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సి కెమెరాకు మారితే 817. ఈ మూడింటిలో దేనిలోనూ పిట్ట నుంచి అందే వెలుతురు మారలేదు, ఎందుకంటే ముందున్నది అదే 71 మి.మీ. రంధ్రం. ఎండ బాగా ఉన్నప్పుడు మూడూ దాదాపు ఒకేలా మెరుగుపడతాయి, నీడలో మూడూ దాదాపు ఒకేలా ఇబ్బంది పడతాయి.

నాలుగో దారి 600 ఎఫ్/6.3 జూమ్. పిక్సెళ్లు 800. ఏపీఎస్-సి కన్నా కాస్త తక్కువే. కానీ రంధ్రం 71 నుంచి 95కు పెరిగింది కాబట్టి వెలుతురు దాదాపు 1.8 రెట్లు. స్టెబిలైజేషన్ లేని ఆ పాత 400తో పోలిస్తే చేతి వణుకూ అదుపులోకి వస్తుంది. భుజం మీద సుమారు 0.7 నుంచి 0.9 కిలోల అదనపు బరువు పడుతుంది. ఉదయపు నీడలో చిన్న పిట్టల కోసం వెళ్లేవారికి ఆ బరువు మోయడం లాభం. మధ్యాహ్నపు ఎండలో ఆరుబయటి నీళ్ల మీది కొంగల్ని తీసేవారికి కన్వర్టర్‌తోనే పని జరిగిపోతుంది.